పాలు మాన్పించే ప్రయాణం

పిల్ల గుప్పిట్లో ఆమె జాకెట్టు అంచు చిక్కుకుని ఉంది. ఒక్కొక్క వేలే విడదీసింది. చిటికెన వేలి దాకా వచ్చేసరికి చూపుడువేలు మళ్ళీ ముడుచుకుంది. నిద్రలో కూడా ఇంత పట్టేమిటే తల్లీ అనుకుంటూ మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది.

గుమ్మంలో అత్తగారు నిలబడి ఉంది. "కానీ, కానీ. అది లేచిందంటే ఇంక నువ్వు వెళ్ళినట్టే" అని గొంతు తగ్గించి కసిరింది.

చివరి వేలు వదిలింది. ఖాళీ అయిన గుప్పిట్లో ఆమె తన పాత శాలువా కొస పెట్టింది. వేళ్ళు దాన్ని ఓసారి నలిపి చూసి, సరేలే అన్నట్టు ఊరుకున్నాయి. ఆమె బుగ్గమీదికి వంగింది.

"ముద్దు పెట్టకు. నీ వాసనకే లేస్తుంది."

వంగిన తల మళ్ళీ పైకెత్తింది.

వరండాలోకి వచ్చాక అత్తగారు ఆమెను గోడవైపు తిప్పి, జాకెట్టు లోపల పొడుగాటి గుడ్డ చుట్టి, వీపు వెనక ముడి వేసి బలంగా బిగించింది. ఊపిరి సగంలో ఆగిపోయింది.

"విప్పకు. పిండకు. పిండావంటే మళ్ళీ ఊరతాయి. నీళ్ళు తక్కువ తాగు. నాలుగు రోజులు సలుపుతుంది, ఓర్చుకుంటే అవే ఎండిపోతాయి."

"లేచి అడిగితే ఏం చెప్తారత్తయ్యా?"

"అమ్మ కొట్టుకెళ్ళిందని చెప్తాను."

"ఇన్ని రోజులు కొట్లోనే ఉంటుందా అమ్మ?"

"దానికి రోజులు లెక్కేమైనా తెలుసా? నడుస్తోంది, మాటలు నేరుస్తోంది, మెతుకు ముట్టనంటోంది. నీ ఒంట్లో ఏముందని అది తాగడానికీ నువ్వు ఇవ్వడానికీ? చూడు, ఇద్దరూ పుల్లల్లా ఉన్నారు." అత్తగారు ముడిని మరోసారి లాగింది. "ఫోన్లు కూడా వద్దు. నీ గొంతు విందంటే చేసిందంతా బూడిదలో పోసినట్టే."

చేదుమందు రాసి చూడటం అంతకుముందే అయిపోయింది. పిల్ల నాకి, ముఖమంతా ముడుచుకుని, చేదు పోయేదాకా ఓపిక పట్టి తర్వాత హాయిగా తాగింది. ఆ రోజు అత్తగారు కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. మందుతో కాకపోతే తల్లిని కొన్నాళ్ళు పంపించేయడమే దారి అని, ఆమె డాబా మీద బట్టలు ఆరేస్తున్నప్పుడు కింద తల్లీకొడుకులు అనుకున్నారు. భర్త నడిపే వ్యానుకి మంచి బేరం వచ్చింది. కొండలు దాటి, ఎడారిలో ఉన్న ఏదో పాతకాలపు నగరం దాకా వెళ్ళి రావాలి. దారిలో వండిపెట్టడానికి ఒక మనిషి కావాలన్నారు. బట్టల బుట్టతో ఆమె కిందికి దిగేసరికి ఆ మనిషి ఎవరో తేలిపోయింది.

వీధిలో భర్త అద్దం తుడుస్తూ ఇంజను వేడెక్కనిస్తున్నాడు. ఆమె ఎక్కి కూర్చుంది. తలుపు గట్టిగా వేస్తే పిల్ల లేస్తుందేమోనని, వీధి మలుపు తిరిగేదాకా దాన్ని చేత్తో దగ్గరికి పట్టుకునే ఉంది.

వ్యాను మాట్లాడుకున్నది ఇద్దరు అక్కచెల్లెళ్ళు. ఇద్దరికీ తలలు నెరిశాయి. పెద్దావిడకు మోకాళ్ళ నొప్పులు, చేతికర్ర. చిన్నావిడ చేతిలో ఎప్పుడూ ఒక దారి చూపే పుస్తకం. ఆమె వాళ్ళను పెద్దమ్మగారు, చిన్నమ్మగారు అని పిలిచింది.

"ఇదుగో అక్కా, ఇక్కణ్ణుంచి మొదటి కనుమ. ఈ దారిన ఒకప్పుడు ఒంటెల మీద ఉప్పు తీసుకెళ్ళేవారట."

"తీసుకెళ్ళనీ. నువ్వు కిటికీ వెయ్యి, మెడ పట్టేస్తోంది."

"కిటికీ వేస్తే ఏం కనిపిస్తుంది?"

"నువ్వు చదువుతూనే ఉన్నావుగా, నాకు కనిపిస్తోందిలే."

ఆమె వెనక సీట్లో, గ్యాసు స్టవ్వుకీ నీళ్ళ క్యాన్లకీ మధ్య కూర్చుని ఉంది. మలుపు వచ్చినప్పుడల్లా గిన్నెల సంచిని మోకాళ్ళతో అదిమి పట్టుకునేది. దారికి రెండువైపులా చెట్లు పసుపెక్కాయి. గాలి కొడితే ఆకులు గుంపులుగా లేచి అద్దానికి తగిలి జారిపోతున్నాయి. చూడముచ్చటగానే ఉంది. ఆమె మాత్రం పొద్దు ఎంత ఎక్కిందో చూస్తోంది. ఇప్పుడు లేచి ఉంటుంది. ఇప్పుడు మంచం దిగి వంటింట్లోకి వెళ్ళి ఉంటుంది. అక్కడ లేకపోతే స్నానాలగది తలుపు కొడుతుంది. అదీ తీసి ఉంటే డాబా మెట్ల దగ్గర నిలబడి పైకి పిలుస్తుంది. పిల్లకు తెలిసిన చోట్లన్నీ అయిపోయాక ఆమె ఆలోచన కూడా అక్కడే ఆగిపోయింది. ఆ తర్వాత పిల్ల ఎక్కడ వెతుకుతుంది?

మధ్యాహ్నం లోయ అంచున వ్యాను ఆపారు. గాలికి మంట ఆగడం లేదు. స్టవ్వు చుట్టూ సంచులు అడ్డం పెట్టింది. ఎత్తు మీద నీళ్ళు ఊరికే మరుగుతాయి గానీ మెతుకు మెత్తబడదు. మూత మీద రాయి పెట్టి, కింద కూర్చుని, పొంగినప్పుడల్లా మూత ఎత్తి దించుతూ అన్నం వండింది. గుడ్డ కింద రొమ్ములు రాళ్ళలా గట్టిపడ్డాయి. చెయ్యి చాచి ఉప్పు డబ్బా అందుకోవాలన్నా సలుపు చంకదాకా పాకుతోంది.

తిన్నాక భర్త ఫోను పట్టుకుని కొండ చివరికి నడిచాడు. ఆమె గిన్నెలు తోముతూ అతని వీపువైపే చూసింది. ఎంతోసేపు మాట్లాడలేదు. తిరిగొచ్చి టైర్లు తన్ని చూసుకుంటున్నాడు.

"ఏమన్నారు?"

"బాగుందట."

"బాగుందంటే? ఏడ్చిందా? ఏం తింది?"

"బాగుందంటే బాగుందనే. బాగుండటంలో ఎన్ని రకాలుంటాయే?"

"ఏం తిందో కూడా అడగలేదా మీరు?"

"అమ్మ ఉందిగా చూసుకోడానికి. నన్ను పెంచింది ఆవిడేగా."

"మీ పెంపకం సంగతి తర్వాత చూద్దాంలెండి" అంది ఆమె. వెనకనుంచి పెద్దమ్మగారు పకపకా నవ్వింది. అతను కూడా నవ్వేసి, చేతులు తుడుచుకుని సీట్లో కూర్చున్నాడు.

సాయంత్రం ఒక మలుపులో మేకల మంద అడ్డం వచ్చింది. అతను బ్రేకు వేసి, తల వెనక్కి తిప్పకుండానే, "అదుగో, మ్మే, మ్మే..." అన్నాడు.

అని ఆగిపోయాడు. ఇంట్లో మేకను ఆ పేరుతో పిలిచే మనిషి ఒక్కర్తే. మంద దాటేదాకా అతను హారన్ కూడా కొట్టలేదు. చివరి మేక రోడ్డు దిగాక గేరు వేయబోయి తప్పు గేరు వేశాడు. బండి ఒక్క కుదుపుతో ఆగిపోయింది.

సత్రంలాంటి చోట ఆమెకూ అతనికీ సామాన్ల గది పక్కన గది ఇచ్చారు. తెల్లవారి అతను బండి కింద దూరి నూనె చూసుకుంటున్నప్పుడు ఆమె పెరటి గోడ వెనక్కి వెళ్ళింది. గుడ్డ తడిసి చర్మానికి అతుక్కుపోయి ఉంది. వీపు వెనక ముడికి చెయ్యి అందలేదు. అత్తగారి ముడి మరి. పళ్ళతో లాగడానికి వీల్లేదు, గుడ్డని చుట్టూ తిప్పి ముడి ముందుకి తెచ్చుకుంది. ఊపిరి ఒక్కసారిగా లోపలికి వచ్చి కళ్ళు తిరిగాయి.

కాస్త పిండితే సలుపు తగ్గుతుంది, అంతే, అనుకుంది. మొదట గట్టిపడిన చోటును బొటనవేలితో మెల్లగా కిందికి రాసింది. నాలుగు చుక్కలు. తర్వాత సన్నటి ధార. అది రాలిన ఆకుల మీద టపటపా పడుతుంటే నొప్పితోపాటు ఇంకేదో కూడా దిగిపోతున్నట్టయింది. ఆపాల్సిన చోట ఆపలేదు. రెండోవైపు కూడా పిండింది. పాలు సన్నబడ్డాక గుడ్డ మళ్ళీ చుట్టుకుంది, ఈసారి వదులుగా. అప్పుడు తెలిసింది తను ఏం చేస్తోందో. నొప్పికి కాదు. పాలు ఎండిపోకూడదు. తిరిగి వెళ్ళేసరికి అవి ఉండాలి. పిల్ల పరుగెత్తుకొచ్చి గుడ్డ పక్కకి లాగితే ఖాళీగా ఉండకూడదు. కొట్టుకెళ్ళిన అమ్మ చేతులూపుకుంటూ రాకూడదు.

వంటింటి కుండలోంచి చెంబెడు నీళ్ళు ముంచుకుని నిలబడి గటగటా తాగింది.

"తగ్గిందా?" అన్నాడు భర్త, నూనె చేతులు ఎడంగా పట్టుకుని. చూపు ఎక్కడ పెట్టాలో తెలియక ఆమె భుజం మీద పెట్టాడు.

"తగ్గుతోంది."

ఇద్దరూ ఒకే మంచం మీద పడుకునే మనుషులు. అయినా ఆ ఒక్క మాట అబద్ధమని అతను కనిపెట్టలేదు. కనిపెట్టాలని ఆమెకు ఎక్కడో ఉండింది.

కనుమ దిగాక చెట్లు పలచబడ్డాయి. ఆ తర్వాత పొదలు, ఆ తర్వాత రాళ్ళు, ఆ తర్వాత ఏమీ లేదు. రోడ్డు ఒక్కటే సాగుతోంది. ఇసుక గాలికి రోడ్డు మీదికి వచ్చి పాకి వెళ్ళిపోతోంది. భర్త నీళ్ళ క్యాన్లు తట్టి చూశాడు.

"ఇదేమిటి, ఇంత తొందరగా ఒకటి ఖాళీ అయింది?"

"పప్పు కడిగాను."

"పప్పుకి స్నానం చేయించావా? ఇక్కడ నీళ్ళు దొరకవు. చూసి వాడు."

ఆమె తల ఊపింది. ఆ మధ్యాహ్నం తన వంతు టీ మానేసి, ఆ నీళ్ళు తాగింది. రాత్రి గిన్నెలు ఇసుకతో తోమి, మిగిల్చిన నీళ్ళు తాగింది. పొద్దున్నా సాయంత్రమూ వ్యాను చాటున మోకాళ్ళ మీద కూర్చుని ఇసుకలోకి పిండింది. పడిన చుక్క పడినట్టే మాయమయ్యేది, తెల్లటి మచ్చ కూడా మిగిలేది కాదు. ఇంటి దగ్గర ఒక్క గుక్క కోసం పిల్ల ఏడుస్తుంటే ఇక్కడ ఇసుక తాగుతోంది అనుకునేది. అయినా పిండకపోతే ఇంకిపోతాయి. ఉంచుకోవాలంటే పారబోయాలి.

పాత నగరం దూరం నుంచి చూస్తే కూలిన ఇటుకల బట్టీలా ఉంది. దగ్గరికి వెళ్ళేకొద్దీ గోడలు లేచాయి, గోడల్లో వాకిళ్ళు, వాకిళ్ళలోంచి ఆకాశం. ఒక్క కప్పు కూడా లేదు. చిన్నమ్మగారు పుస్తకం తెరిచి, టోపీ పెట్టుకుని, అప్పుడే బడి వదిలిన పిల్లలా తయారైంది.

"అక్కా, ఇక్కడ నది ఉండేదట. అదిగో ఆ గుంటే. తర్వాత నది పక్కకి జరిగిపోయిందట. జరిగిపోయాక కూడా జనం చాలాకాలం ఇక్కడే ఉన్నారట."

"ఎందుకుట?"

"మళ్ళీ వస్తుందని."

స్టవ్వు దింపుతున్న ఆమె చెయ్యి ఆగింది. "ఎంతకాలం ఉన్నారటండీ?"

చిన్నమ్మగారు పేజీ తిప్పి చూసింది. "అది రాయలేదమ్మాయ్."

చిన్నమ్మగారికి నగరం మధ్యలో ఉన్న కోట పైదాకా తోడుగా భర్త వెళ్ళాడు. పెద్దమ్మగారు కోట వాకిలి నీడలో మడతకుర్చీ వేయించుకుని కూర్చుంది. "వెళ్ళిరా. చిన్నప్పట్నుంచీ మనకిదేగా పద్ధతి. నువ్వు చూసొస్తావు, నేను వింటాను" అని చెల్లెలికి చెప్పి, కర్ర ఒళ్ళో పెట్టుకుంది.

ఆమె బియ్యం కడిగి ఎసరు పెట్టింది. కూరగాయలు తరిగింది. అది పిండుకునే వేళ. వెంట తెచ్చుకున్న మరో శాలువా సర్దుకుని, "ఇప్పుడే వస్తానండీ" అని గోడ వెనక్కి వెళ్ళింది. అదొక చిన్న గది. గోడలో చెయ్యి పట్టేంత గూళ్ళు, గడప రాయి మధ్యలో అరిగి పల్లమైంది. ఆమె మూలన కూర్చుని గుడ్డ జరిపింది.

కర్ర చప్పుడు వినిపించేసరికి ఆలస్యమైపోయింది.

"ఎసరు పొంగిపోతోంది, నువ్వేమో..." అంటూ వచ్చిన పెద్దమ్మగారు గడప దగ్గర ఆగిపోయింది. ఆమె గబుక్కున శాలువా లాక్కుంది.

"ఫరవాలేదు, కానీ. నేను మంట తగ్గించే వచ్చాను." పెద్దావిడ ఆయాసపడుతూ అరిగిన గడప మీదే కూర్చుంది. ముఖం అటు తిప్పుకుంది. "మీ ఆయన చెప్పాడు, పాలు మాన్పించడానికి తీసుకొచ్చానని. ఇది మాన్పించడంలా లేదే?"

"సలుపుతోందండీ."

"సలుపుకి ఇంత పిండక్కర్లేదు. ఇన్ని నీళ్ళూ తాగక్కర్లేదు. నువ్వు నీళ్ళు తాగేటప్పుడు చూస్తున్నాను, బావిలో దూకినట్టు తాగుతావు."

ఆమె తల దించుకుంది. "చెప్పకుండా వచ్చేశానండీ. నిద్రలో ఉంది" అంది. "వస్తానని చెప్పి వచ్చుంటే ఇంత ఉండేది కాదు. దానికి అర్థం కాకపోయినా చెప్పి రావాల్సింది. వెళ్ళేసరికి ఇవి కూడా లేకపోతే దాని దగ్గర నాకేం ముఖం ఉంటుంది?"

పెద్దావిడ కర్రకొనతో ఇసుకలో గీత గీసింది. "అది అడుగుతుందని నీ నమ్మకం."

"అడగదా?"

"అడగకపోతే?"

అన్ని భయాలూ పడింది గానీ ఆ భయం ఇంతవరకూ పడలేదు. జ్వరం వస్తుందేమో, మెట్ల మీదనుంచి పడుతుందేమో, ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లుతుందేమో అనుకుంది. నవ్వుతూ ఆడుకుంటూ ఉంటుందేమో అని మాత్రం అనుకోలేదు.

"నా నోరు మంచిది కాదులే. మా చెల్లెలు ఈపాటికి చెప్పే ఉంటుంది" అని పెద్దావిడ సంచిలోంచి ఫోను తీసింది. "ఇంద. ఇక్కడ సిగ్నలు అందదు. ఆ గోడ మీద అందుతుందని మీ ఆయన అన్నాడు. ఆయన వచ్చేలోపు వెళ్ళు."

"మాట్లాడకూడదన్నారండీ, అత్తయ్య."

"పిల్లతో మాట్లాడకూడదన్నారు. అత్తయ్యతో మాట్లాడకూడదని అత్తయ్యే అందా?"

గోడ లోపలివైపు మెట్లున్నాయి, ఎవరెవరి కాళ్ళకో అరిగి నున్నగా జారుతున్నాయి. ఆమె శాలువా నడుముకి చుట్టుకుని, చేతులు కూడా ఆనించి ఎక్కింది. పైన గాలి ఒక్క తోపు తోసింది. కింద నగరమంతా, వీధులూ, గుంటలూ, ఎండిన కాలువలూ, దాని చుట్టూ కనుచూపు మేర ఇసుక, ఇసుక చివర తాము దాటొచ్చిన కొండలు. దాన్ని చూడటానికే జనం అంతదూరం నుంచి వస్తారు. ఆమె ఫోనులో లేచీ పడిపోతున్న గీతలనే చూస్తూ నిలబడింది.

చాలాసేపు మోగాక అత్తగారు ఎత్తింది. "ఎవరండీ?"

"నేనే అత్తయ్యా."

తిడుతుందేమోనని ఆమె ఎదురుచూసింది. అత్తగారి గొంతు బొంగురుగా, నిద్రలేనట్టుగా వచ్చింది. "ఎందుకు చేశావు? బాగానే ఉంది."

"ఏడుస్తోందా?"

"ఏడవడం లేదు."

"అసలు ఏడవడం లేదా?"

"మొదట ఏడ్చింది. ఇప్పుడు లేదు. అన్నం తింటోంది. బంగాళాదుంప పెడితే రెండోసారి అడిగింది."

"నన్ను అడుగుతోందా?"

గాలి హోరులో మాట సరిగ్గా అందలేదో, అత్తగారే ఆలస్యం చేసిందో తెలియలేదు. "పడుకుంది ఇప్పుడు."

"ఎవరి దగ్గర పడుకుంటోంది? ఊపాలి అత్తయ్యా, ఎడంచేతి వైపు..."

"నా దగ్గర కాక ఎవరి దగ్గర పడుకుంటుంది? నాకు తెలీదా పడుకోబెట్టడం? పెట్టేస్తున్నా. దానికి మెలకువొస్తుంది."

ఆమె ఇంకా ఫోను చెవి దగ్గరే పెట్టుకుని ఉంది. ఏడవడం లేదు. అన్నం తింటోంది. రెండోసారి అడిగింది. ఇన్ని రోజులుగా భర్త నోటినుంచి ఊడిపడని సంగతులన్నీ ఒక్కసారే దొరికాయి. దేవుడా, ఇదే కదా కావాలనుకున్నాను, అనుకుంది. అనుకుని ఆ గోడ మీదే కూలబడి, మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చింది.

దిగివచ్చేసరికి అన్నం కాస్త మాడింది. చిన్నమ్మగారు పైన చూసినవన్నీ అక్కకి చెబుతోంది, చేతులతో మండపాలు కట్టి చూపిస్తోంది. భర్త మాడు వాసన పట్టి, "ఏమిటివాళ, పొగ కూర వండావా?" అన్నాడు. ఆమె ముఖం చూసి ఆ పరాచికం అక్కడితో మానేశాడు. మాడిన చెక్క తనే వేసుకుని, బాగుందని తిన్నాడు.

తిరుగు దారిలో ఆమె ఒక పూట పిండలేదు. ఇంకెందుకు అనుకుంది. అడగని పిల్లకి పాలెందుకు? కొండలు ఎక్కేసరికి చెట్ల మీద ఆకులు సగమయ్యాయి. మర్నాడు పొద్దున్న, చేతులు ఆగలేదు. సత్రం పెరట్లో అదే గోడ వెనక కూర్చుని మళ్ళీ పిండింది. ఎందుకని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. అడిగేవాళ్ళూ లేరు. పెద్దమ్మగారు చూసి కూడా ఏమీ అనలేదు. మధ్యాహ్నం బండి ఆగినప్పుడు మాత్రం తన వంతు నీళ్ళసీసా ఆమె ఒళ్ళో పెట్టి, "ఒంటికి వేడి చేస్తుంది, తాగు" అని కర్ర పొడుచుకుంటూ వెళ్ళిపోయింది.

ఎండ వాలే వేళకి ఊరు చేరారు. అక్కచెల్లెళ్ళను దింపాక భర్త వీధి మొదట్లో వ్యాను ఆపి, టైర్లకి గాలి పట్టించుకుని వస్తానన్నాడు. ఆమె సంచి భుజాన వేసుకుని ముందు నడిచింది. కాళ్ళు పరుగెత్తాలనుకుంటున్నాయి, ఆమె వాటిని ఆపుకుంటోంది. ఏడవని పిల్ల దగ్గరికి పరుగెత్తుకెళ్ళి నిలబడితే సిగ్గుగా ఉంటుంది.

ముందుగది కిటికీ తెరిచి ఉంది. తలుపు నెట్టబోతూ ఆమె లోపలికి చూసింది.

అత్తగారు గోడకి ఆనుకుని, కాళ్ళు చాపుకుని నేల మీద కూర్చుని ఉంది. తల వెనక్కి వాలింది, కళ్ళు మూసుకుని ఉన్నాయి. కళ్ళ కింద గుంటలు. జాకెట్టు గుండీలు విప్పి ఉన్నాయి. పిల్ల ఆవిడ ఒళ్ళో అడ్డంగా పడుకుని, ఎన్నో ఏళ్ళ కిందటే ఎండి వాలిపోయిన ఆ రొమ్ముని నోట్లో పెట్టుకుని ఉంది. తాగడం లేదు. తాగడానికి ఏముంది? ఊరికే పట్టుకుని ఉంది. ఒక చెయ్యి ఆవిడ జాకెట్టు అంచుని గుప్పిట పట్టింది. ఒక కాలు గాల్లో మెల్లగా ఊగుతోంది.

"ఏం లేదే అందులో" అంటోంది అత్తగారు కళ్ళు తెరవకుండానే, జోకొడుతూ. "ఏముందనే నీ పిచ్చి. సరే పట్టుకో. పట్టుకోవే. వస్తుందిలే మీ అమ్మ."

ఆమె ఒంట్లో పాలు జివ్వున చేపుకొచ్చాయి. గుడ్డ, జాకెట్టు, శాలువా అన్నీ తడిశాయి. ముందుగా వచ్చింది కోపమే. నా పిల్ల, అనుకుంది. నన్ను వెళ్ళగొట్టి నా చోటులో కూర్చుంది. ఒక్క తోపుతో తలుపు తెరిచి, చూడండి మీరు చేసేది ఏమిటో అని అడగొచ్చు. చెయ్యి తలుపు మీదే ఉంది.

పిల్ల కదిలింది, పళ్ళు తగిలాయి కాబోలు, అత్తగారి ముఖం నొప్పితో ముడుచుకుంది. జోకొట్టే చెయ్యి మాత్రం ఆగలేదు. ఇలా ఎన్ని రాత్రులు కూర్చుందో ఈవిడ. గోడ మీద నిలబడి విన్న ఆ బొంగురు గొంతు గుర్తొచ్చింది.

ఆమె తలుపు మీదనుంచి చెయ్యి తీసేసింది. చప్పుడు కాకుండా వెనక్కి నడిచి, మెట్లు దిగి, వీధి కొళాయి దాకా వెళ్ళింది. అక్కడ బకెట్టుని కాలితో గట్టిగా తన్నింది. "అబ్బబ్బ, ఏం దుమ్మండీ బాబూ!" అని ఎవరూ లేని వీధిలో గొంతెత్తి అంది. చెప్పులు విప్పి మెట్టుకేసి టపాటపా దులిపింది. దుమ్ము అయిపోయాక కూడా దులిపింది.

"ఎవరదీ?" లోపలినుంచి అత్తగారి గొంతు.

"నేనే అత్తయ్యా, వచ్చేశాం!"

ఇంకాస్త ఆగి లోపలికి వెళ్ళింది. అత్తగారు లేచి నిలబడి ఉంది. పిల్ల ఆవిడ కాళ్ళ వెనక దాక్కుని, చేతిలో ఒక చెంచా పట్టుకుని తొంగి చూస్తోంది. పరుగెత్తుకు రాలేదు. ముఖం తిప్పుకోనూ లేదు. ఎక్కడో చూసిన మనిషిని గుర్తు తెచ్చుకుంటున్నట్టు చూస్తోంది.

"చూశావా, మానేసింది" అంది అత్తగారు పెద్ద గొంతుతో. "నేను చెప్పలా? మొదట కాస్త గోల చేసింది, అంతే. ఇప్పుడు పాలన్న మాటే లేదు."

"అవునా అత్తయ్యా."

"అవును మరి. పట్టుదల ఉండాలి మనిషికి. మీకు అదే లేదు."

"నిజమే అత్తయ్యా."

సంచి దింపుతుంటే శాలువా భుజం మీదనుంచి జారింది. అత్తగారి చూపు ఆమె జాకెట్టు మీద పడింది. రెండు పక్కలా తడి, ఇంకా పాకుతూ ఉంది. ఎండిపోవాల్సిన పాలు. ఆవిడ నోరు ఏదో అనడానికి తెరుచుకుంది. అప్పుడే కోడలి చూపు ఎక్కడుందో గమనించి కిందికి చూసుకుంది. తొందరలో గుండీలు ఒకదాని కాజాలో ఒకటి పెట్టుకుంది. జాకెట్టు ఒకవైపు ఎగిరి, ఒకవైపు దిగి ఉంది. ఆవిడ చెయ్యి మెల్లగా వెళ్ళి దాన్ని కప్పుకుంది.



"స్టవ్వు మీద ఏదో పెట్టాను" అంది అత్తగారు చివరికి. వంటింట్లోంచి వాసనా లేదు, చప్పుడూ లేదు. ఆవిడ పిల్ల చేతిని తన బట్టల్లోంచి విడిపించింది, ఒక్కొక్క వేలూ, ఎక్కడా లాగకుండా. వంటింట్లోకి వెళ్ళి తన వెనక తెర పూర్తిగా దగ్గరికి లాగింది. లోపల ఒక గిన్నె మోగింది, దాని మీద ఇంకొకటి, ఎవరో కావాలని చేస్తున్నట్టు. వీధిలో భర్త చెప్పుల చప్పుడు వినగానే వంటింటి కిటికీలోంచి ఆవిడ కేక వేసింది. "ఒరేయ్, అక్కడే ఉండరా కాసేపు! లోపలికి రాకు! ఇల్లు తుడుస్తున్నాం!"

"ఇప్పుడా తుడవడం?" అన్నాడతను.

"ఇప్పుడే!"

ఆమె గోడకి ఆనుకుని, కాళ్ళు చాపుకుని నేల మీద కూర్చుంది. పిలవలేదు. చేతులు చాచలేదు. "కొట్టుకి కాదమ్మా" అంది మెల్లగా. "చాలా దూరం వెళ్ళాను. నీకు చెప్పకుండా వెళ్ళాను."

పిల్ల తెరవైపు చూసింది. ఆమెవైపు చూసింది. తర్వాత చెంచాని నేల మీద జాగ్రత్తగా పెట్టి, రెండు చేతులూ ఖాళీ చేసుకుంది.